ఎర్రరంగు పూసిన ఉప్పునీళ్ళు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఫోన్ మోగితే విసుక్కునేదాన్ని. రిటైరయ్యాక అది మోగడం మానేసింది. తెనాలిలో కాలవ పక్క వీధిలో మేడమీద వాటా నాది. కింద వాటా వాళ్ళు మంచివాళ్ళే, కానీ వాళ్ళ హడావిడి వాళ్ళది. మా ఆయన పోయాక నాతో మాట్లాడేవాళ్ళంటూ మిగిలింది పొద్దున్నే పాలు పోసే ఆవిడ, ఆదివారం చర్చిలో నా బెంచీ మీద కూర్చునే ఇద్దరు ముగ్గురు టీచర్లు. తక్కిన వారమంతా నోరు తెరవాల్సిన అవసరమే ఉండేది కాదు. ఏ సాయంత్రమో కొరియర్ మనిషి వచ్చి పిలిస్తే, పలికిన గొంతు నాదేనా అనిపించేది. పొద్దుట్నుంచీ వాడలేదు కదా మరి.

అందుకే ఒక కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, బాపట్లకీ రేపల్లెకీ మధ్య భూమిలో వేడినీళ్ళు ఉన్నాయేమో చూసిపెడతారా మేడమ్ అని అడిగినప్పుడు, ఉండవని లోపల అనిపిస్తున్నా వెంటనే సరేనన్నాను. ఉండకపోవచ్చని వాళ్ళకీ చెప్పాను. చూసి చెప్పండి చాలన్నారు. వేడినీళ్ళ సంగతి ఎలా ఉన్నా, నాలుగు రోజులు మనుషుల మధ్య తిరగొచ్చునని నా ఆశ. ఇది చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నా చదువు, నా ఉద్యోగం జియోఫిజిక్స్. తవ్వకుండానే నేల లోపల ఏముందో ఊహించే విద్య. ఇనప కడ్డీలు వరసగా నేలలో దిగ్గొట్టి, రెండు కడ్డీల గుండా కరెంటు పంపిస్తాం. మరో రెండింటి దగ్గర ఎంత వోల్టేజి వస్తుందో చూస్తాం. భూమి కరెంటుని ఎంత అడ్డుకుంటోందో దాన్నిబట్టి తెలుస్తుంది. దాన్నే రెసిస్టివిటీ అంటాం. కడ్డీలను దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతులు తెలుస్తాయి. లోపల వేడినీళ్ళుంటే ఆ అడ్డు తగ్గుతుంది, కరెంటు సులువుగా పోతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కేమిటంటే ఉప్పునీళ్ళున్నా ఆ అడ్డు తగ్గుతుంది. బంకమట్టి ఉన్నా తగ్గుతుంది. ఎవరో ఎప్పుడో పాతిపెట్టి మర్చిపోయిన ఇనప గొట్టమున్నా తగ్గుతుంది. ఒకప్పుడు వేడి ఉండి తర్వాత చల్లారిపోయిన చోట కూడా తగ్గే కనిపిస్తుంది. ఆ వేడికి లోపలి రాయి బంకమట్టిగా మారిపోయి ఉంటుంది; వేడి పోయిందని ఆ మట్టి తిరిగి రాయి కాదు. మీటరుకి ఈ తేడాలేవీ పట్టవు. అది ఒక అంకె చూపించి ఊరుకుంటుంది. ఆ అంకె ఎందుకొచ్చిందో మనమే తేల్చుకోవాలి. సర్వీసులో ఉండగా కొత్తగా చేరిన పిల్లలకి, ముందు ఉప్పేమో చూడండి, తర్వాత వేడి సంగతి మాట్లాడుకుందాం అని చెప్పీ చెప్పీ, వెనకాల నన్ను ఉప్పు మేడమ్ అని పిలుచుకునేదాకా తెచ్చుకున్నాను.

కంపెనీ వాళ్ళ ఆలోచన చెడ్డదేమీ కాదు. భూమిలోని వేడితో దుగ్గిరాల పసుపూ సముద్రం ఒడ్డు చేపలూ ఆరబెట్టే ప్లాంటు పెడదామని. ఆ ఆశ పుట్టించింది ఒక బోరు. రేపల్లె దాటి సముద్రం వైపు వెళితే ఎండిపోయిన రొయ్యల చెరువులు కొన్ని వస్తాయి. వాటి గట్టు మీద ఉందది. అందులో వేడినీళ్ళు పడతాయని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా చెప్పుకుంటారు. కార్తీకమాసంలో ఆడవాళ్ళు ఆటోలు మాట్లాడుకుని తెల్లవారుజామునే వచ్చి ఆ బోరు కింద స్నానాలు చేసి వెళతారు. పొగలొస్తుంటాయండీ అని ఒకావిడ నాతోనే చెప్పింది.

ఆ చెరువుల ఆసామి యాభై దాటిన మనిషి. నేను ఆయన్ని మొదట చూసింది ఆయన పొలంలో కాదు, బాపట్ల దగ్గర ఇసక నేలల్లో. పోల్చి చూసుకోవడానికి ముందు అక్కడ సరుగుడు తోటల పక్కన కొలతలు తీస్తున్నాం. మా పని ఎలా ఉంటుందో చూద్దామని అంత దూరం మోటారు సైకిలు మీద వచ్చాడు. నా పనివాళ్ళు కడ్డీ కడ్డీకీ చెంబుతో నీళ్ళు పోస్తుంటే కాసేపు చూశాడు.

"ఆ నీళ్ళేంటండి?"

"ఉప్పు కలిపిన నీళ్ళండి. ఇసక పొడిగా ఉంది కదా, కడ్డీ నేలకి సరిగ్గా అంటుకోదు. కడ్డీ మొదట్లో కాస్త తడిపితే కరెంటు దిగుద్ది."

"అంటే ఉప్పునీళ్ళు పోస్తే రీడింగు బాగా వస్తదన్నమాట."

"పొడి ఇసకలో అండి, అదీ కడ్డీ దగ్గర మాత్రమే" అన్నాను. ఆయన తల ఊపాడు. నా జవాబులో ఆయన ఏ ముక్క పట్టుకుపోయాడో తర్వాతగానీ తెలియలేదు.

తోట నీడలో టీ తాగుతున్నప్పుడు ఆయనే చెప్పుకొచ్చాడు. రొయ్యలకి వైరస్ తగిలి వరసగా పంటలు పోయాయి. నేల ఉప్పుబారిపోయింది, వరికీ పనికి రాదు. ఆయన భార్యది చీరాల, నేత పనివాళ్ళ ఇంటి పిల్ల. దసరాకని అక్క ఇంటికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. బట్టల కొట్లో పనికి కుదిరిందట. పోట్లాడుకున్నది కూడా లేదట.

"ఆ ఉప్పుగుంటలో ఏం చూసుకుని ఉండమంటావు, ఏదన్నా ఉంటే చెప్పు వస్తా, అందండి. దసరాలు రెండు వెళ్ళిపోయినయ్యి. మీరు వేడి ఉందని చెబితే ఇక వచ్చేస్తదండి."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నా మీటరు మీద ఒక మనిషి కాపరం ఆధారపడి ఉందని అప్పుడే మొదటిసారి వింటున్నాను. ఉప్పు సంగతి అప్పుడే వివరంగా చెప్పాను. విన్నాడు. కానీ ఆశ పెట్టుకున్న మనిషి వినే తీరు వేరు. మధ్యలో 'కావచ్చు' అన్న మాట దొర్లితే అదొక్కటే ఏరుకుంటాడు.

మరుసటి వారం ఆయన చెరువుల దగ్గర పని. ముందు రోజు సాయంత్రమే గట్టు వెంబడి కడ్డీలు దిగే చోటల్లా గుర్తు పుల్లలు పాతి, రేపల్లెలో లాడ్జికి వెళ్ళిపోయాం. పొద్దున్నే వచ్చేసరికి గట్టు గట్టంతా పచ్చగా, తడిగా ఉంది. ఈ చివర్నుంచి ఆ చివరి దాకా కళ్ళాపి! ప్రతి పుల్ల చుట్టూ ముగ్గు. ఆసామి లుంగీ ఎగగట్టుకుని, మోచేతుల దాకా ముగ్గుపిండితో, బకెట్టు పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పేడ పక్క ఊళ్ళో గేదెల కొట్టంలో అడిగి, మోటారు సైకిలు మీద గోనెసంచిలో వేసుకొచ్చాడట.

"ఏంటండి ఇది?" అన్నాను.

"చుట్టాలొస్తే వాకిట్లో చల్లుకోమా అండి? మా ఆవిడుంటే తనే చల్లేది."

"నీళ్ళెక్కడివి?"

"కాలవలో సముద్రప్పోటు నీళ్ళండి, బకెట్లతో మోశాను. ఉప్పునీళ్ళయితే రీడింగు బాగా వస్తదన్నారు కదండీ."

కోపమొస్తే దాచుకోవడం నాకు చేతకాదు. జీవితంలో అందువల్ల చాలా నష్టపోయాను. ఆ రోజు మాత్రం నోటిదాకా వచ్చింది అక్కడే ఆగిపోయింది. కడ్డీలు దిగే గీత పొడుగునా ఉప్పునీళ్ళు చల్లితే కరెంటు లోపలికి దిగాల్సిన పని లేకుండా పైపైనే పారిపోతుంది. అప్పుడు మీటరు చూపించేది భూమిని కాదు, కళ్ళాపిని. ఈ ముక్క ఆయనకి చెప్పాలి. కానీ ఆ ముగ్గులు చూస్తే నోరు రాలేదు. చుక్క ఒకచోటా గీత ఒకచోటా ఉన్నాయి. ముగ్గులో కోడి తిరిగినట్టు ఉందని నా పనివాళ్ళు పక్కకి తిరిగి నవ్వుకుంటున్నారు. ఇంట్లో ఆడమనిషి లేని వాకిలిని ఒక మగవాడు తెల్లారకముందే లేచి, తనకి తోచినట్టు అలంకరించుకున్నాడు. ఎవరైనా నా కోసం కళ్ళాపి చల్లి ఎన్నాళ్ళయిందో లెక్క వేయబోయి మానేశాను.

అయినా పని మొదలుపెట్టాం. అనుకున్నట్టే అయింది. మొదటి కొలత నుంచీ అంకెలన్నీ పడిపోయి నేలకి అంటుకుపోయాయి. ఈ గీత పనికి రాదు, వానపడి కడుక్కుపోయాక పక్క గట్టు మీద మళ్ళీ తీద్దామని చెప్పి అందర్నీ పంపించేశాను. ఆసామికి కారణం కూడా చెప్పాను. "అయ్యో, పొరపాటైపోయిందండీ" అన్నాడు కానీ, మొహంలో దిగులేమీ కనిపించలేదు. అంకె ఎంత తక్కువైతే అంత వేడి అని ఆయన లెక్క.

అసలు తలనొప్పి తర్వాత వచ్చింది. బాపట్లలో కంపెనీ గది అద్దెకి తీసుకుని ఒక కుర్ర ఇంజనీరుని పెట్టింది. మా మిషన్లోని అంకెలు సాయంత్రానికల్లా అతని కంప్యూటర్లోకి వెళ్ళిపోతాయి. పాడైన గీత అని నేను రాసి పెట్టినా, అతను ఆగలేక బొమ్మ గీశాడు. రెసిస్టివిటీ తక్కువున్న చోట ఎరుపు రంగు వేశాడు. ఎక్కువున్న చోట నీలం. బొమ్మంతా పొయ్యిలో నిప్పుల్లా కణకణలాడిపోతోంది. దాన్ని తీసి ఆసామి వాట్సాప్‌కి పంపించాడు. ఆసామి దాన్ని చీరాలకి పంపించాడు. కింద ఒకే ఒక్క మాట రాశాడట, 'చూడు' అని.

ఇంజనీరుకి ఫోన్ చేశాను.

"పిక్చర్ చాలా బాగా వచ్చింది కదా మేడమ్" అన్నాడు.

"రంగు వేసింది నువ్వే కదా బాబూ. అదే నీలం వేసుంటే అక్కడ మంచుగడ్డలున్నాయని చెప్పేవాడివా?"

రంగులు సాఫ్ట్‌వేర్‌లో అలాగే వస్తాయన్నాడు. చూసేవాడికి ఎరుపంటే వేడే. అంకెలు చదవడం రాని వాళ్ళే కాదు, వచ్చినవాళ్ళు కూడా రంగు చూశాక అంకెల వైపు చూడరు. పెద్ద పెద్ద మీటింగుల్లోనే ఈ తంతు చూశాను.

ఆ మర్నాటి నుంచీ ఆసామి నాకు రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. దీపాలు పెట్టే వేళకి. ఎర్రబొమ్మని నమ్మొద్దని మొదటి రోజే గట్టిగా చెప్పాను. "సరేనండి, మీ రిపోర్టు రానివ్వండి" అన్నాడు. తర్వాత రోజూ అదే అడిగేవాడు. "రిపోర్టు అయ్యిందా అండి?" లేదండి, ఇంకా కొలతలున్నాయి అనేదాన్ని. అయినా ఫోన్ పెట్టేసేవాడు కాదు. "తిన్నారా అండి? ఏం కూర?" అని అడిగేవాడు. దొండకాయ అంటే తనకి దొండకాయ కుదరదనీ, మాడిపోతుందనీ చెప్పేవాడు. మూత పెట్టి సన్న సెగన మగ్గనివ్వండి అనేదాన్ని. చెరువుల మీద వాలే కొంగల గురించి, చీరాల నుంచి ఇంకా జవాబు రాలేదన్న దాని గురించి చెప్పేవాడు.

మా ఆయన పోయాక నేను తిన్నానో లేదో అడిగిన మనిషి లేడు. కాబట్టి ఎవరేమనుకున్నా సరే, ఆ ఫోను కోసం నేను ఎదురుచూశాను. వయసులో ఆయనకంటే పెద్దదాన్ని. ఊహించుకోవడానికి అందులో ఇంకేమీ లేదు. అంతవరకూ పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునేదాన్ని కాస్తా సాయంత్రం ఎవరో అడుగుతారు కదా అని కూర వండటం మొదలుపెట్టాను. బజారుకెళ్ళి లేత వంకాయలు ఏరుకుంటుంటే కూరలమ్మే ఆవిడ, "ఇంటికి చుట్టాలొచ్చారా అమ్మగారూ?" అంది. అవునన్నాను.

రెండు మూడు జల్లులు పడ్డాక మళ్ళీ వెళ్ళాను. ఈసారి కరెంటు తీగలకి దూరంగా, చెరువుల్లో నీళ్ళు చిలికే పాత ఏరేటర్ల గొట్టాలకి దూరంగా గీత వేశాం. సముద్రం దగ్గర్నుంచి ఊరి వైపు వరసగా మరికొన్ని తీశాం. లోతున ఎక్కడ చూసినా రెసిస్టివిటీ తక్కువే. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఇంకా తక్కువ, ఊరి వైపు వెళ్ళేకొద్దీ కాస్త కాస్తగా ఎక్కువ. వేడినీళ్ళు ఇలా సముద్రంతో వరస కలుపుకుని పరుచుకోవు. బోరు లోతునుంచి తీసిన నీళ్ళు నాలిక మీద వేసుకుంటేనే తెలిసిపోయింది. అయినా లాబ్‌కి పంపించాను. ఉప్పే.

మరి కార్తీక స్నానాల్లో వచ్చే పొగ? తెల్లవారుజామున బోరు కింద ఆసామి చేత చెయ్యి పెట్టించాను.

"వేడిగా ఉన్నయ్యండీ" అన్నాడు, వెలిగిపోతున్న మొహంతో.

థర్మామీటరు పెట్టి చూపించాను. మధ్యాహ్నం ఎండలో మళ్ళీ చెయ్యి పెట్టమన్నాను.

"చల్లగా ఉన్నయ్యి" అన్నాడు.

మళ్ళీ థర్మామీటరు చూపించాను. పొద్దుటి లెక్కే. లోతు నీళ్ళు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి, చలిలో మంచులో వచ్చి చెయ్యి పెడితే వెచ్చగా తోస్తాయి, చల్లగాలికి పొగా లేస్తుంది. ఆడవాళ్ళంతా వచ్చేది ఆ నెలలో, ఆ వేళప్పుడే. మధ్యాహ్నం వచ్చి స్నానం చేసినవాళ్ళు ఎవరూ లేరు. ఆసామి చెయ్యి తుడుచుకోకుండా చాలాసేపు అలాగే చూసుకున్నాడు.

"అయితే లేదంటారు."

"లేదండి."

గట్టు మీద కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను. చివరికి ఆయనే ఫోన్ తీసి చీరాల నంబరు నొక్కి నా చేతికిచ్చాడు. "నేను చెబితే అబద్ధమనుకుంటదండి. మీరే చెప్పండి" అన్నాడు. కళ్ళు మాత్రం ఇంకోటేదో అడుగుతున్నాయి. నేను ఒక్క మాట అటూ ఇటూగా అంటే చాలు, ఆవిడ సాయంత్రం బస్సు ఎక్కుతుంది. అనలేను. వచ్చిన మనిషి ఆ ఉప్పుగుంటలో ఎన్నాళ్ళు ఎదురుచూస్తుంది?

"మేడమ్ గారూ, ఆ ఎర్రబొమ్మ నిజమేనా అండి?" అంది ఆవిడ. వెనక కొట్టు గోల వినిపిస్తోంది.

"కాదమ్మా. అది ఉప్పు. వేడి లేదు."

"మరి ఆ ఎరుపంతా ఏంటండి?" అంది.

"ఆ బొమ్మ అసలు లెక్కలోకే రాదు. ఆ రోజు గట్టంతా ఉప్పునీళ్ళతో కళ్ళాపి చల్లేశారు, రీడింగులన్నీ పాడైపోయినయ్యి."

"కళ్ళాపా? ఎవరు చల్లారండీ?"

"ఇంకెవరు, మీ ఆయనే."

"ఆయనా? నా పెళ్ళయిన కాడ్నుంచి చీపురు ముట్టుకోలేదండీ ఆ మనిషి" అంది.

"ముగ్గులు కూడా వేశారు. పుల్ల పుల్లకీ ఒకటి."

"ఎట్టా ఉన్నయ్యండి?"

"ఘోరంగా ఉన్నయ్యమ్మా."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఆగి, మళ్ళీ మొదలై, చివర్న నవ్వో ఏడుపో నాకు తెలియకుండా అయిపోయింది. "ఫోన్ ఆయనకివ్వండి" అంది. ఇచ్చేసి, వాళ్ళ మాటలు వినపడనంత దూరం నడిచి వెళ్ళాను.

సాయంత్రం రేపల్లెలో రైలెక్కి తెనాలి వచ్చేశాను. రిపోర్టు రాసి పంపాను. వేడి ఉన్నట్టు ఆధారం లేదు, కనిపించేది ఉప్పునీరు, తవ్వడం దండగ. కంపెనీ వాళ్ళు బాపట్ల గది ఖాళీ చేశారు.

దీపాలు పెట్టే వేళకి ఫోన్ మోగలేదు. ఆయన మనసు బాగుండి ఉండదనుకున్నాను. తర్వాతి రోజూ మోగలేదు. నేనే చేయొచ్చు. చేసి ఏమని అడగాలి? రిపోర్టు ఇచ్చేశాను, ఇక మా ఇద్దరికీ మాట్లాడుకోవాల్సిన సంగతేముంది? అంకె తగ్గగానే వేడనుకోవద్దు, ఉప్పేమో చూడమని ఊరందరికీ పాఠం చెప్పినదాన్ని. ఆయన నాతో మాట్లాడింది చీరాల గురించి. నేను విన్నది మాత్రం తిన్నారా అన్న మాట ఒక్కటే. అయినా ఆ వేళకి ఫోన్ దగ్గర పెట్టుకునే కూర్చునేదాన్ని. కూర వండటమూ మానలేదు.

వారం పైన గడిచాక ఒక సాయంత్రం మోగింది.

"వచ్చిందండీ" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. "వేడి లేదు గీడి లేదు, ఉప్పునీళ్ళకే వచ్చిందండి. ముగ్గు ఎట్టా వేస్తారో చూపిస్తానని వచ్చింది."

"చాలా సంతోషం అండి" అన్నాను. నిజంగానే సంతోషం.

వెనకాల ఎవరో బకెట్టు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. రమ్మని ఆడగొంతు పిలిచింది. "వస్తన్నా" అని అటు చెప్పి, "ఉంటానండి మేడమ్, అన్నానికి పిలుస్తంది" అని ఆయన పెట్టేశాడు.

ఆ రోజు వంకాయ కూర. ఏం కూర అని అడుగుతాడని, కాయలు చాలా లేతగా దొరికాయని కూడా చెబుదామని అనుకున్నాను. అడగలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, "వంకాయ" అని పైకే అని, కంచంలో వడ్డించుకున్నాను.